మా అత్త ఉతికిన కొత్త గుడ్డలు

మా అత్త కిందటి వారం పోయింది. మధ్యాహ్నం అన్నం తిని వసారాలో ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదు. ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో ఆమెది పెద్ద నోరనేవారు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నలుగురిలో మాట్లాడలేను. నా తరఫు మాటలు కూడా ఆమే మాట్లాడేది. అందుకే ఆమె గురించి నాలుగు ముక్కలు నేనే రాయాలనిపించింది.

నాకు తల్లి లేదు. నా కూతురు పుట్టినప్పుడు పురుడు పోసింది అత్తే. పురుడు తీరేదాకా బిడ్డకు కొత్తబట్ట వేయకూడదని మా వైపు పద్ధతి. మామ పాత పంచెలు మెత్తగా ఉంటాయని చింపి, వేన్నీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి పెట్టింది. ఆ పంచెలు కట్టుకునే మామ పత్తికి పురుగుమందు కొట్టేవాడు. నడుం దాకా తడిసి వచ్చేవాడు. ఉతికితే పోతుందనే అందరం అనుకున్నాం. అప్పట్లో ఊరంతా అంతే.

పాపకు మొదట ఒళ్లంతా దద్దుర్లు. తర్వాత జలుబు, చెవిలో చీము, జ్వరం. ఒకటి తగ్గేలోగా ఇంకొకటి. తోటిపిల్లలు జ్వరం తగ్గి ఆటలకు పోతుంటే మా పాప మంచం దిగేది కాదు. చివరికి నంద్యాలలో పిల్లల డాక్టరుకు చూపించాం. పుట్టిన కొత్తలో ఏం గుడ్డలు వాడారో కూడా ఆయన అడిగారు.  పంచెల సంగతి అత్తే చెప్పింది.

"అంత పసిదానికి మందు తగిలితే రోగాన్ని తట్టుకునే శక్తి సరిగా ఎదగకపోవచ్చమ్మా. ఆ లోటు ఏళ్ల తరబడి ఉండొచ్చు. మీ పాపకు దానివల్లే అని మాత్రం చెప్పలేను" అన్నారాయన.

తిరుగు బస్సు శిరివెళ్ల దాటాక అత్త నా వైపు తిరిగింది.

"దానివల్లే అని చెప్పింటే బాగుండు మేయ్. ఒగసారి ఏడ్చి ఊరుకుందును."

"కాదేమో లే అత్తా."

"కాదేమో అని నువ్వంటావ్. అవునేమో అని నాకుంటాది."

ఆ మర్నాటి నుంచి చేను నుంచి వచ్చిన నా భర్తను వాకిట్లోనే ఆపేది.

"యాడికి వస్తాండావ్? ఆడ్నే నీళ్లు పోసుకో. పిల్లను ఎత్తుకునేది తర్వాత."

"పెండ్లికొడుకు మాదిరి రోజూ వాకిట్లో స్నానం చేపిస్తాండావ్. ఊరంతా నవ్వుతాండారమ్మా!"

"నవ్వనీ. వాళ్ల పండ్లు నేనూ చూసినట్లుంటాది."

ఇప్పుడు నాకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. పోయిన నెల అత్త నంద్యాల వెళ్లి తెల్లని నూలు గుడ్డ తెచ్చింది. పక్కింటామె చూసి బుగ్గ నొక్కుకుంది.

"పురిటిబిడ్డకు కొత్తదా? మతి పోయిందా వదినా?"

"పద్ధతి ఒగసారి పాటిస్తి గదా, సాల్లే" అంది అత్త.

గుడ్డ గరుకు పోవాలని రోజూ నానబెట్టి ఉతికేది. ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను.

నిన్న సాయంత్రం గుడ్డలు తీగ మీద ఆరేసి లోపలికి వచ్చాను. పాపకు మళ్లీ ఒళ్లు వెచ్చగా ఉంది. ఇంటి వెనక చేనులో మందు కొడుతున్నారు. ఉన్నట్టుండి గాలి మావైపు తిరిగి ఘాటు వాసన వచ్చింది. నిండు కడుపుతో పరుగెత్తి గుడ్డలన్నీ లాక్కుని లోపలికి తెచ్చాను. ఏ గుడ్డకు తగిలిందో, దేనికి తగల్లేదో చూస్తే తెలిసేది కాదు. అన్నింటినీ మళ్లీ బక్కెట్లో వేశాను. నీళ్ల మీద తెల్లగా ఉబ్బి తేలుతున్నాయి. చేత్తో ఒక్కొక్కటే లోపలికి నొక్కుతూ కూర్చున్నాను.