పెద్ద కెమెరాకి అడ్డం రాకండి

భీమవరంలో ఒక నిండు పెళ్ళిని నేను ఒంటిచేత్తో ముంచేసిన కథ ఇది. నవ్వుకోండి, ఏమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకి అప్పట్లో డిజిటల్ కెమెరాలు కొత్త. ఏది కొనాలా అని నేను చదివినంత శ్రద్ధగా డిగ్రీ చదివి ఉంటే ఈపాటికి కలెక్టరునయ్యేవాణ్ణి. బొమ్మని పట్టే చిప్పు ఒకటే ఉన్నదా, మూడు ఉన్నదా? మసక వెలుతురులో ఏది నయం? రంగులు దేనిలో ఉన్నవి ఉన్నట్టు పడతాయి? చివరికి మూడు చిప్పుల చిన్న కెమెరా కొన్నాను. భుజం మీద మోసే నా పాతదాంట్లో క్యాసెట్టు తిరగడం ఎప్పుడో మానేసింది. అన్నీ పోల్చాను గానీ, జనం దేనివైపు చూస్తారో పోల్చలేదు.

కొత్తదానితో మొదటి పెళ్ళి రొయ్యల చెరువుల సత్యంగారి అమ్మాయిది. ఆయన కెమెరాని చూసి మొహం మాడ్చుకున్నారు.

“ఏంటండీ ఇది, అగ్గిపెట్టెలా ఉంది. మగపెళ్ళివారు ఏమనుకుంటారండీ? పెద్ద కెమెరా లేదా?”

“బొమ్మ దీంట్లోనే బాగుంటుందండి.”

“ఉండనివ్వండి. పెద్దది కూడా తీసుకురండి. మా అమ్మ మంచం మీదుంది, పెళ్ళికి రాలేదు. పీటల మీద పిల్ల మొహం ఆవిడకి చూపించాలండి.”

పాతది పనిచేయదని చెప్పడానికి నోరు రాలేదు. తెచ్చి మండపానికి ఎదురుగా స్టాండు మీద నిలబెట్టాను. ఎర్ర లైటు మాత్రం భేషుగ్గా వెలిగింది. చిన్నది పట్టుకుని నేను పక్కగా నిలబడ్డాను.

ముహూర్తం దగ్గరపడింది. వధూవరులతో సహా అందరూ, ఆఖరికి పంతులుగారు కూడా ఆ ఎర్ర లైటునే చూస్తున్నారు. నేను పెళ్ళికూతురి వైపు వంగాను.

“అమ్మా, ఒకసారి ఇటు చూడండి.”

“ముందు పెద్దదాంట్లో పడనివ్వండి” అంది పెళ్ళికూతురు, పెదవులు కదపకుండా.

మంగళసూత్రం పెళ్ళికొడుకు చేతికొచ్చింది. ఇక లాభం లేదని ఎదురుగా పరుగెత్తాను. పెళ్ళికూతురి మేనమామ నా జబ్బ పట్టుకుని పక్కకి లాగేశారు.

“పెద్ద కెమెరాకి అడ్డం రాకండి.”

“అది నాదేనండి.”

“మీదైతే మాత్రం అడ్డమొచ్చేస్తారేంటండీ?”

బాజాలు హోరెత్తాయి. మూడు ముళ్ళూ పడిపోయాయి. నా నెత్తిన కూడా అక్షింతలు పడ్డాయి. ఏడుపొక్కటే తక్కువ.

కొన్నాళ్ళకి సత్యంగారింట్లో, ముసలమ్మగారి మంచం ఎదురుగా కెమెరాని టీవీకి తగిలించాను. చెప్పకూడదు గానీ, జడలో మల్లెమొగ్గలు లెక్కపెట్టుకునేంత బాగా పడింది. కనిపించేవి మాత్రం అన్నీ చెవులే. పెళ్ళికొడుకు చెవి, పంతులుగారి చెవి, మేనమామగారి చెవి మీద వెంట్రుకలతో సహా. నేను చెప్పుల కోసం గుమ్మం వైపు చూస్తున్నాను. ముసలమ్మగారు ఓపిగ్గా చివరిదాకా చూశారు.

“పిల్ల చెవి దిద్దులు నావే. బాగా పడ్డాయి నాయనా” అన్నారు. “ఇక పెద్ద కెమెరాలోది వెయ్యి. దాని మొహం చూస్తాను.”

అప్పటికప్పుడు ఆ మంచంకోడు మీద చెయ్యి వేసి మనసులోనే ఒట్టు పెట్టుకున్నాను. క్యాసెట్టు తిరగని కెమెరాకి ఈ జన్మలో లైటు వెలిగించను. వెలిగించాల్సే వస్తే, దాని ఎదురుగా పీటల మీద నేనే కూర్చుంటాను.