దేవకుమారి నడిమి వేలు

పర్చూరు దగ్గరి నల్లరేగడి చేలల్లో పత్తి తీసేవాళ్లలో దేవకుమారి పనికి వంక పెట్టిన రైతు లేడు. ఆమె ఒడిలో ఆకు తుక్కు లేని దూదే ఉండేది. ఆ మంచి పేరు ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది.

ఎనభై నాలుగు జనవరిలో ఒక ఉదయం కాయలోంచి దూది లాగుతుండగా కుడిచేతి నడిమి వేలు చురుక్కుమంది. చూస్తుండగానే ఉబ్బి, లోపలి వైపు నీలంగా కమిలింది. పక్క సాలులోని వెంకయ్య, గాటు కనిపించకపోయినా, పురుగు ముట్టిందని తేల్చేశాడు. చేలో నిలబడి పాము పేరు ఎత్తరు. విషం పైకి ఎక్కకుండా వేలి మొదట్లో పురికొస బిగించాడు. కాసేపటికి వేలంతా నల్లబడి చల్లబడింది. దాంతో విషమేనన్న నమ్మకం అందరికీ గట్టిపడింది. కట్టును అనుమానించినవారు లేరు.

భర్త జక్రయ్య సైకిలు మీద ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారి పొడుగునా ఆమెకు మేనమామే గుర్తొచ్చాడు. చుట్టలు కాల్చి కాల్చి ఆయన వేలు నల్లబడితే గుంటూరులో తీసేశారు. తన వేలూ పోతే ఇక పత్తి తీసేదెట్లా?

డాక్టరు సంజీవరావు ముందు పురికొస కోసేశాడు. నలుపు తగ్గి, వేలికి వెచ్చదనం తిరిగి వచ్చింది. మొదట కమిలిన మచ్చ మాత్రం మిగిలింది. ఆయన తొందరపడలేదు. కాటు గుర్తుల కోసం వెతికాడు. పాము విషానికి కనురెప్పలు వాలుతున్నాయేమోనని సాయంత్రం దాకా కూర్చోబెట్టి గమనించాడు. చిగుళ్ల నుంచి రక్తం వస్తుందా, ఒంటిమీద ఇంకెక్కడైనా కమిలిందా, నొప్పి మాత్రలు వాడుతుందా అని విడివిడిగా అడిగాడు. ఏదీ లేదు. పోయిన ఏడాది చూపుడు వేలు ఇట్లాగే కమిలి, దానంతటదే తగ్గిన సంగతి అప్పుడు గుర్తొచ్చి ఆమె చెప్పింది.

“చర్మం కింద సన్న రక్తనాళం చిట్లిందమ్మా. ఆ రక్తం నాలుగు రోజుల్లో ఇంకిపోతుంది. విషమూ లేదు, ఏమీ లేదు.”

“వేలు తియ్యరు గదండీ?”

“ఎందుకు తీస్తాం? వేలు తెల్లబడి చల్లబడినా, పుండు పడినా, ఒంటిమీద వేరేచోట మచ్చలు లేచినా మాత్రం వెంటనే రా. తాడు ఎవరిచేతా కట్టించుకోకు.”

ఇంటికి రాగానే జక్రయ్య అన్నం పెట్టి, ఒక ముద్ద కలిపి ఆమె నోటిదాకా తెచ్చాడు.

“నేనేం పసిపిల్లనా? ఇటివ్వు.”

“ఒక్కపూట నా చేత తింటే నీ పరువేం పోదులే.”

ఆమె కంచం తనవైపు లాక్కుంది. నడిమి వేలు కొంచెం మొరాయించినా, గోంగూర పచ్చడి అన్నంలో బాగానే కలిసింది.