ఆయనలోనే ఉండిపోయిన పన్నెండు మాటలు

మా ఆయన మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవారు. ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు పాతదొకటి తక్కువకు కొని ఇంటికి తెచ్చుకున్నారు. వెనక గదిలో బియ్యం బస్తాల పక్కన బల్ల వేసి దాన్ని పెట్టారు.

త్రిపురాంతకం దగ్గర మా మామగారికి మెట్టపొలం ఉండేది. ఎక్కడ బోరు వేసినా దుమ్మే లేచింది. మామగారు పోయాక ఆ పొలం అమ్మేశాం. డబ్బు బ్యాంకులో ఉంటే చుట్టాలందరికీ తెలుస్తుందని, ఎవరైనా వచ్చి అడిగితే కాదనలేనని ఆయన భయం. ఫ్యాక్టరీకి వచ్చే ఎగుమతి వ్యాపారుల నోట క్రిప్టో అనే కంప్యూటరు డబ్బు మాట విన్నారు. చాలాకాలం దాని గురించి చదివి, వీడియోలు చూసి, చివరికి పొలం డబ్బంతా అందులోనే పెట్టారు. నేను వద్దనలేదు. ఆయన తొందరపడే మనిషి కాదు.

కొన్నాళ్ళకు గిద్దలూరులో ఆయన స్నేహితుడొకరు ఫోనుకు వచ్చిన లింకు నొక్కి ఉన్న కాయిన్లన్నీ పోగొట్టుకున్నారు. ఆ కబురు విన్న రోజు ఈయన అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నారు. ఆ తరవాత మా కంప్యూటరుకు ఇంటర్నెట్ తీసేశారు. పెన్‌డ్రైవ్ ఎవరినీ పెట్టనిచ్చేవారు కాదు. పెళ్ళి ఫోటోలు అందులో దాచుకుందామంటే కూడా ఒప్పుకోలేదు. మా కాయిన్లు దాచిన వాలెట్ ఆ కంప్యూటర్లోనే ఉంది, దానికి ఒక పాస్‌వర్డ్. అది మరిచిపోతే పన్నెండు ఇంగ్లీషు మాటలు వరుస తప్పకుండా కొట్టాలి. ఆ రెండూ ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. కాగితం మీద రాస్తే ఎవరి కళ్ళైనా పడతాయి, లేదంటే చెదలు తింటాయి. ఫోనులో పెడితే దొంగలకు ఇచ్చినట్టే అనేవారు.

"నాకన్నా చెప్పండి. రేపు ఏదన్నా అయితే ఏంది గతి?" అని ఒకసారి అడిగాను.

"నీకు చెప్తే నువ్వు మీ తమ్మునికి చెప్తావు," అని నవ్వారు. "నా తలకాయలో ఉండాయిలే. తలకాయను ఎవురు ఎత్తుకపోతారు?"

ఒకరోజు పొద్దున ఫ్యాక్టరీకి బయలుదేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆయన కుడిచెయ్యి జారిపోయింది. నన్ను పిలవబోతే పేరు రాలేదు, గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఒంగోలు ఆసుపత్రికి చేరేసరికి కుడివైపంతా చచ్చుబడింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. కొన్ని వారాల తరవాత ఒక్క మాట మాత్రం తిరిగొచ్చింది: "అదే." నీళ్ళు కావాలన్నా అదే, నొప్పిగా ఉందన్నా అదే, నన్ను పిలవాలన్నా అదే.

"మాటలన్నీ ఆయనలోనే ఉన్నాయమ్మా. బయటికి వచ్చే దారి దెబ్బతింది," అన్నారు డాక్టరుగారు. "అవును, కాదు అనేవి కూడా తారుమారవుతాయి. వాటిని నమ్ముకోవద్దు."

ఇంటికి వచ్చాక కొమరోలు నుంచి మా తమ్ముడు వచ్చాడు. అప్పటికే ఆసుపత్రి ఖర్చులకు పోగా నా మెడలో పసుపుతాడు తప్ప ఏమీ మిగల్లేదు. వాడు ఆయన్ని ఎత్తుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. పాస్‌వర్డ్ అడిగే గడి తెరమీదికి రాగానే ఆయన కళ్ళు మెరిశాయి. ఎడమచేత్తో ఒక్కో మీటా వెతుక్కుంటూ నొక్కారు. తప్పు అని వచ్చింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ తప్పు. ఇన్నేళ్ళూ ఆ అక్షరాలు కొట్టింది కుడిచెయ్యి. అదేమో ఒడిలో తడిగుడ్డలా పడి ఉంది. ఆయన దాన్ని ఎడమచేత్తో ఎత్తి కీబోర్డు మీద పెట్టుకున్నారు. అది పక్కకు జారి కిందికి వేలాడింది.

బజారులో కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాం. అతను చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది పగలగొట్టేది కాదక్కా. అట్ల పగిలేదైతే మీ ఆయన ఇందులో పెట్టేవాడే కాదు."

"ఇంక దారేమీ లేదా?"

"ఆ పన్నెండు మాటలు ఎక్కడివో కావు. ఇదిగో, ఇట్లాంటి వాలెట్లన్నిటికీ వాడే ఈ రెండువేల చిల్లర మాటల్లోవే. సార్‌కి చదివి వినిపించి చూడండి. గుర్తుపడతాడేమో." మాటలన్నీ ప్రింటు తీసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

మరుసటి రోజు ఆయనకు గంజి పట్టి, మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. కూడబలుక్కుంటూ మొదటి మాట చదివాను. "అబాండన్."

ఆయన తల ఎత్తారు. "అదే!" అన్నారు.

పెన్సిలుతో గుర్తు పెట్టి రెండోది చదివాను.

"అదే!"

మూడోది చదివాను. "అదే! అదే!" మొహమంతా సంతోషం. నేను కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. ఆయనకు మిగిలిన ఒక్క మాటా ఆ మాటే ఎందుకు కావాలి? ఇంకేదైనా మిగలకూడదా?

తమ్ముడు వేరే ఉపాయం చెప్పాడు. "మాట్లాడొద్దు బావా. అక్క చెయ్యి పట్టుకో. నీ మాట వచ్చినప్పుడు గట్టిగా నొక్కు. అర్థమైందా?"

అట్లాగే చేశాం. కొన్ని మాటలకు నొక్కలేదు. "మ్యాంగో" అనగానే నొక్కారు. తమ్ముడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంకో పేజీలో మరొకటి దొరికింది, ఆ తరవాత ఇంకొకటి. రోజూ గంజి పట్టాక అదే పని. ఒక మధ్యాహ్నం నాకెందుకో అనుమానం వచ్చింది. చదువుతూ చదువుతూ మధ్యలో, కాగితంలో లేకపోయినా, "కొమరోలు" అన్నాను. ఆయన నా చెయ్యి నొక్కారు. "గంజి" అన్నాను. నొక్కారు. తమ్ముడి వంక చూశాను. వాడు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

కాసేపటికి లేచి వచ్చి ఆయన భుజాలు పట్టుకున్నాడు. "ఒక్కటి చెప్పు బావా! ఒక్కటంటే ఒక్కటి! నీ తలకాయలోనే ఉండాయి గదా!"

ఆయన పసిపిల్లాడిలా ముడుచుకుపోయి, ఎడమచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "అదే... అదే... అదే..." అంటూ వెక్కిళ్ళు పెట్టారు.

"చాల్లేరా. ఆయన్ని వదిలిపెట్టు. నువ్వు బస్సెక్కు," అన్నాను.

"అట్ల కాదక్కా, నేను..."

"పో అంటున్నా."

వాడు పోయాడు. వాడి తప్పేమీ లేదు. నాకోసమే వచ్చాడు, నాకోసమే అరిచాడు. కానీ ఆ రోజు వాణ్ణి ఇంట్లో ఉంచుకోలేకపోయాను.

కాగితాలు పొయ్యిలో పెట్టేశాను. కంప్యూటరు జోలికి పోలేదు. టీవీలో ఎప్పుడన్నా ఆ కాయిన్ల ధర పెరిగిందని చెబితే ఆయన అటు చూస్తారు, నేను ఛానెల్ మారుస్తాను. ధర పెరిగేకొద్దీ మా పొలం మా నుంచి ఇంకా దూరం పోతున్నట్టుంటుంది. ఎవరూ దోచుకోలేదు. ఎక్కడికీ పోలేదు. గోడకు అవతలి గదిలోనే ఉంది.

కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయడం వచ్చాక ఒక సాయంత్రం ఆయన తనంతట తానే లేచి ఆ గదిలోకి వెళ్ళారు. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. మిషన్ ఆన్ చేశారు. పాస్‌వర్డ్ గడి వచ్చింది. ఒక్క మీటా ముట్టుకోకుండా దాన్ని చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి వంగి, గోడకున్న ప్లగ్గు పీకేశారు. నా పక్కనుంచే వెళ్ళి పడుకుని, గోడవైపు తిరిగారు. ఆ తరవాత ఆ గదిలో మళ్ళీ అడుగు పెట్టలేదు.

ఇప్పుడు నేను అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోతున్నాను. పలకల మధ్య గడ్డి పరిచి చెక్కపెట్టెల్లో సర్దాలి. సాయంత్రానికి చేతులు బూడిదరంగుకు తిరుగుతాయి. పొద్దంతా పక్కింటి పెద్దమ్మ ఆయన్ని కనిపెట్టుకుని ఉంటుంది. ఆఫీసు గదిలో ఆయన కూర్చున్న చోట ఇప్పుడు ఒక కొత్తాయన కూర్చుంటాడు. మంచివాడే. నేను ఆ పక్కగా పోయినప్పుడల్లా "సార్ ఎట్లున్నాడమ్మా, మాట్లాడతన్నాడా?" అని అడుగుతాడు.

బాగున్నారని చెప్పి, పెట్టెల దగ్గరికి పోతాను.