సీసా మూతతో నీళ్ళు

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను స్లాబు మీద ఇనుప చువ్వలు వంచుతున్నాను. చేతిలో ఉన్న చువ్వ పూర్తిగా వంచి గాని కిందికి దిగలేదు. ఆయన నేర్పింది అదే.

గల్ఫులో ఏళ్ళ తరబడి ఈ పనే చేశాడు. అక్కడినుంచే వీడియో కాల్‌లో నాకు నేర్పాడు. ఎప్పుడు మాట్లాడినా చివర్లో ఒకటే అడిగేవాడు, "నీళ్ళు తాగేవేట్రా?" తను మాత్రం తాగేవాడు కాదు. "తాగితే ఒంటేలుకి కిందకి దిగాల. దిగితే ఫోర్‌మేన్ తిడతాడు" అని నవ్వేవాడు.

గల్ఫుకి పంపేముందు ఆయన రక్తం, మూత్రం, ఎక్స్‌రే అన్నీ చూశారు, సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు. తిరిగొచ్చేటప్పుడు సూట్‌కేసు ఒక్కటే తూచారు. మేం మాత్రం తక్కువ తిన్నామా? సెంటు సీసాలు, ఖర్జూరాలు పంచుకున్నాం. ఉబ్బిన ముఖం చూసి "ఒళ్ళు సేసేవు మావా" అన్నాను.

కిడ్నీలు పోగొట్టుకుని వచ్చాడు. గల్ఫు నుంచి రోగంతో వచ్చాడంటే మనవాళ్ళు ఏ రోగం అనుకుంటారో మీకు తెలుసు. అందుకే చెప్పలేదు. ఏదో పనుందని ఆటో ఎక్కి డయాలసిస్‌కి వెళ్ళొచ్చేవాడు. అత్తకొక్కదానికే తెలుసు.

కశింకోట దగ్గర మా గానుగ. బెల్లం వండే చోటికి వచ్చినవాణ్ణి చెరకు రసం ఇవ్వకుండా పంపం. వచ్చినవాడూ వద్దనడు. మామ వద్దన్నాడు.

"ఏటి బావా, మన రసం దిగదేటి? అరబ్బోడి జూసు కావాలేటి?" అన్నాడు మా నాన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మామ గ్లాసు ఎత్తి ఆగకుండా తాగేశాడు. "సాలా బావా?" అన్నాడు.

రెండ్రోజులకి ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక ఆస్పత్రిలో పడ్డాడు. అత్త ఇన్నాళ్ళూ ఆయనకి నీళ్ళు సీసా మూతతో కొలిచి పోస్తోందని అక్కడే తెలిసింది. ఆ గ్లాసే ముంచిందని డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు.

మంచం పక్కన సిగ్గుతో నిలబడ్డాను. ఆయనే అడిగాడు, "ఎండన పడొచ్చేవు, నీళ్ళు తాగేవేట్రా?"

ఇంటికి మళ్ళీ రాలేదు.

పదో రోజు పిండం పక్కన పెట్టడానికి మా నాన్న చెరకు రసం తెచ్చాడు. అత్త ఆ గ్లాసు పక్కకి జరిపి, చెంబుతో మంచినీళ్ళు పెట్టింది.

"తాగు మావా. ఇంకెవులూ కొలవరు" అంది.

చెంబు నిండినా పోస్తూనే ఉంది. నీళ్ళు అంచు దాటి అరిటాకు మీదికి పాకాయి.