సగం నీళ్ల మీగడ

మా నాన్న బతుకంతా గేదె పాలు అమ్మేడు. నెల్లిమర్లలో జూట్ మిల్లు పనివాళ్ల వీధులన్నీ సైకిల్ మీద తిరిగి పోసేవాడు. చుక్క నీళ్లు కలపలేదని ఆయనకదో పొగరు. నీళ్లపాలు పోసేవాడి మాటొస్తే చాలు, అన్నం దగ్గర కూర్చుని కూడా తిట్టేవాడు. అలాంటి మనిషి కూతురు చేసే ఉద్యోగం ఏటంటే, నూనెలో నీళ్లు దాచడం.

విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబులో పని చేస్తన్నాను. సన్నటి నీటి చుక్కల్ని నూనె చుక్కల కడుపులో పెట్టి, ఆ నూనె చుక్కల్ని మళ్లీ వెన్న తీసిన పాలల్లో నిలబెట్టాలి. డబుల్ ఎమల్షన్ అంటారు. నాలిక్కి తగిలేది పైనున్న నూనే కాబట్టి కమ్మగా ఉంటాది. లోపల సగం నీళ్లే కాబట్టి కొవ్వు తక్కువ. ఈ సంగతి నాన్నకి చెప్పలేదు. ఫుడ్ ల్యాబు అని ఊరుకున్నాను. నాకేం పిచ్చా?

పోయినేడాది ఆయన గుండెకి స్టెంట్ వేసేరు. డాక్టరు మీగడా నెయ్యీ మానెయ్యమన్నాడు. గడ్డపెరుగు మీద మీగడ లేకపోతే నాన్నకి ముద్ద దిగదు. కాస్త కతికి చెయ్యి కడిగేసుకునేవాడు. చొక్కాలు భుజాల మీంచి జారిపోయేవి. కంచంలో వదిలేసిన అన్నం చూసి అమ్మ నాకు ఫోన్ చేసి ఏడిచేది. నాకు నిజంగా భయమేసింది. మందులు మింగినా, తిండి లేకపోతే మనిషి ఎన్నాళ్లుంటాడు?

కొంచెం నూనె అయితే పర్వాలేదని డాక్టరు చెప్పేడు. ఇంకేం, నీళ్లు దాచిన నూనెతో మీగడ నేనే చేసి పట్టుకెళ్దామనుకున్నాను.

నాకు ముక్కు మీద కోపం, చేతికి తొందర. మిక్సీలో తిప్పితే లోపలి నీటి చుక్కలు బద్దలవుతాయి. అందుకే మెంబ్రేన్ వాడతాం. అదొక గొట్టం, ఒంటినిండా కంటికానని బెజ్జాలు. నీళ్లు దాచుకున్న నూనెని వాటిలోంచి మెల్లగా నెడితే, అవతల పారే పాలల్లోకి చుక్క చుక్కగా ఊరతాది. నేను బస్సుకి వేళవుతోందని ఒత్తిడి పెంచేసేను. ఇంటికెళ్లి సీసా మూత తీసేసరికి అడుగున పల్చటి పాలు, పైన నూనె తెట్టు. నాన్న సీసా ఎత్తి వెలుగులో చూసి, ఇదేదో నీళ్లు కలిపినోడి సరుకులాగుందన్నాడు. నేను సీసా లాక్కుని మూత బిగించేసేను.

మర్నాడు నన్ను నేనే తిట్టుకుంటూ మళ్లీ మొదలెట్టేను. నూనె అంటుకోకుండా గొట్టాన్ని నీళ్లల్లో బాగా నానబెట్టేను. లోపలి నీళ్లల్లో చిటికెడు ఉప్పేసి బయటి పాలతో సరితూగేటట్టు చేసేను, లేకపోతే నీళ్లు ఒకవైపుకి లాక్కుపోతాయి. ఒత్తిడి తగ్గించి కూర్చున్నాను. మధ్యాహ్నమంతా కూర్చుంటే చిన్న గిన్నెడు కూడా రాలేదు. ఫ్రిజ్‌లో పెట్టి వారాలపాటు చూసేను. విడిపోలేదు. అలాగే ఇంకోసారి చేసి, పాలల్లో కలిపి తోడు పెడితే చెంచా నిలబడేంత గట్టిగా పేరుకుంది.

ఇంటికి పట్టుకెళ్లి అమ్మకి ఉన్న సంగతి చెప్పేసరికి అసలు చిక్కు వచ్చింది. నీళ్లని తెలిస్తే ముట్టడు, ముందు తిననియ్యి అంది అమ్మ. నాకూ అదే మంచిదనిపించింది. నాన్న కంచం ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. ఆమెన్ అనేసరికి నా నోరు ఆగలేదు.

"నాన్నా, ఇందులో నూనెకి సగం నీళ్లున్నాయి. నేనే కావాలని కలిపేను."

అమ్మ నన్ను మింగేసేలా చూసింది. నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెరుగుకేసే చూస్తూ కూర్చున్నాడు. అయిపోయింది, ఇంక తినడు, పాడు నోరు అనుకున్నాను.

"సెప్పి కలిపినావు కదే," అన్నాడు చివరికి. "సెప్పకుండా కలిపితే కదా మోసం."

అన్నం కలుపుకున్నాడు. అంతా తినేసి, గిన్నె జరిపి ఇంకొంచెం వెయ్యమన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ ఆదివారం చర్చి బయట, ఒకప్పుడు తన దగ్గర పాలు పోయించుకున్నవాళ్లని ఒక్కొక్కర్నీ ఆపి మీగడ సంగతి చెప్తన్నాడు. వాళ్లు నమ్మకపోతే నాకేసి చెయ్యి చూపిస్తన్నాడు.

"సగం నీళ్లే," అంటన్నాడు. "మా అమ్మాయి కలిపింది."