అన్నంలో గుంత

మా ఎమ్మెల్యే గారు పూర్వం హైవేల ఇంజనీరు. ఎవరింట భోంచేసినా అన్నంలో గుంత చేసుకునేవారు కాదు. మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకీ వాలుగా సర్దుకుని, పులుసు అంచులకి జారుతుంటే మురిసిపోయేవారు.

గణపవరం దగ్గర మా ఊరొచ్చినప్పుడు అత్తయ్య కొర్రమేను పులుసు వడ్డిస్తూ ఆగింది.

"కాస్త గుంత చేసుకోండి బాబుగారూ, ముక్క జారిపోతోంది."

"గుంతలంటే నాకు పడదండీ. సర్వీసంతా అవి పూడ్చడమే కదండీ."

"అయితే మా రోడ్డు మీదవి కూడా పూడ్పించండి మరి."

"ఈసారి వచ్చేసరికి ఒక్కటి కూడా ఉండదండీ."

ఎన్నికల ముందు మళ్లీ వచ్చారు, అదే రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ. నడుం పట్టుకుని విస్తరి ముందు కూర్చుని, అత్తయ్య గరిటె ఎత్తకముందే అన్నంలో తనే లోతుగా గుంత చేసుకున్నారు.

ఆ ఒక్క గుంతనీ మా అత్తయ్యే పూడ్చింది, పులుసుతో.