పోశెట్టి ఎత్తి చూసి తెచ్చిన ట్రాన్స్‌ఫార్మర్

నేను స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి రెండేండ్ల ముందు, జూన్ మొదటి వారంలో, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి శిక్షణ కేంద్రానికి మూడు నెలల డిప్యుటేషన్ మీద పోయిన. డిప్యుటేషన్ అంటే జీతం ఒక ఊర్లో, చాకిరీ ఇంకో ఊర్లో. నా హోదా ఎలక్ట్రానిక్స్ ఇన్‌స్ట్రక్టర్. నా పైన ట్రైనింగ్ ఆఫీసర్, ఆయన పైన ప్రిన్సిపాల్, ఆయన పైన ఫ్యాను. అది తిరగదు. గల్ఫ్ నుంచి వాపసొచ్చినవాళ్లకు చిన్న కోర్సు చెప్పాలె. చివరికి ఎవరి యాంప్లిఫయర్ వాళ్లే కట్టుకోవాలె.

పదకొండు మందిలో పదిమంది నా మాట విన్నరు. పదకొండోవాడు పోశెట్టి. పన్నెండేండ్లు దుబాయిలో కష్టపడి, ఇక సౌండ్ సర్వీసు పెట్టుకొని ఇక్కడే ఉంటనని మొండికేసిండు. కొత్త వీసా మాత్రం వచ్చి ఇంట్లో కూర్చున్నది. బీడీలు చుట్టే ఆయన భార్య లక్ష్మి ఒక్క మాటతో తేల్చిందట: ఆదివారం బీబీపేటలో తన తమ్ముని బిడ్డకు పేరు పెట్టే ఫంక్షన్‌లో ఆయన కట్టిన యాంప్లిఫయర్ డబ్బా మోగితే ఉండుడు, మోగకపోతే విమానమెక్కుడు. ఆ తమ్ముడు బావ మీద నమ్మకంతో కిరాయికి ఇంకో సౌండ్ సెట్టు కూడా మాట్లాడి పెట్టుకున్నడు.

యాంప్లిఫయర్‌కు అన్నం పెట్టేది పవర్ సప్లయ్ అని వెయ్యిసార్లు చెప్పి, కలెక్టర్ ఉత్తర్వు లెక్క సంతకం పెట్టి చీటీ ఇచ్చిన. పద్దెనిమిది-సున్నా-పద్దెనిమిది వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి డయోడ్, యాభై వోల్టుల కెపాసిటర్లు నాలుగు. చీటీ పట్టుకొని పోశెట్టి కామారెడ్డి పోయిండు.

శుక్రవారం పొద్దున డబ్బా తెచ్చి బల్ల మీద పెడితే బల్ల మూలిగింది. కొత్త డబ్బాకు ముందు సిరీస్‌లో బల్బు పెట్టి కరెంటియ్యాలన్నది నియమం. తప్పుంటే బల్బు వెలుగుతది, సామాను బతుకుతది. నేను అద్దాలు వెతుక్కునే లోపల పోశెట్టి నేరుగా ప్లగ్గు పెట్టిండు. ఒక కెపాసిటర్ తుపాకీ లెక్క, రెండోది ఫిరంగి లెక్క పేలినయి. వాసన అవతలి ఊరు మహమ్మద్‌నగర్ దాకా పోయి ఉంటది. ట్రైనింగ్ ఆఫీసర్ కుర్చీతో సహా బయటికొచ్చిండు.

లోపల చూస్తే ఇరవై నాలుగు-సున్నా-ఇరవై నాలుగు ట్రాన్స్‌ఫార్మర్, ముప్పై అయిదు వోల్టుల కెపాసిటర్లు.

"నేను రాసిందేంది పోశెట్టి, నువ్వు తెచ్చిందేంది?"

"రెండూ చేతుల పట్టుకొని చూసిన సార్. మీరు రాసింది తేలికగున్నది. గిది బరువున్నది. బరువున్నదే గట్టిది కద."

"మరి కెపాసిటర్లు?"

"ఇరవై నాలుగుకు ముప్పై అయిదు చాలదా సార్? ఇంకా పదకొండు మిగిలే ఉన్నయి."

మా దిక్కు బిందె కొన్నా, తాళం కొన్నా, బోరు మోటారు కొన్నా ముందు ఎత్తి చూస్తరు. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఇరవై నాలుగు, డయోడ్లు దాటి కెపాసిటర్‌లో చేరేసరికి ముప్పై నాలుగు దాకా అయితదని బరువు చెప్పదు. పైగా బోర్లు బందున్నప్పుడు ఎల్లారెడ్డి లైనులో వోల్టేజి పొంగుతది. ఆ పొద్దున మీటరు పెడితే రెండొందల ముప్పై ఉండాల్సింది రెండొందల యాభై అయిదు చూపింది. అంటే లోపల నలభైకి దగ్గర, కెపాసిటర్ తట్టుకునేది ముప్పై అయిదే. కెపాసిటర్లే కాదు, యాంప్లిఫయర్ చిప్పు కూడా కాలింది.

సగం రోజు సెలవు పెట్టి, పోశెట్టిని వెంటేసుకొని కామారెడ్డి బస్సెక్కిన. దుకాణం సేటు మళ్లా అటక మీద దుమ్ములో నుంచి పద్దెనిమిదిది తీసి, తేలికది ఎవ్వరూ అడగరని నాకే పాఠం చెప్పిండు. యాభై వోల్టుల కెపాసిటర్లు, కొత్త చిప్పు కూడా కొన్నం. పోశెట్టి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంకోసారి ఎత్తి చూసి, నా ముఖం చూసి దించిండు.

తిరుగు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నడు. తర్వాత మెల్లగా అన్నడు: "సార్, ముప్పై నాలుగు, నలభై అని ఇప్పుడు చెప్పినయన్నీ ముందే చీటీల రాసిస్తే ఇదంతా తప్పేది కద."

నాకు కోపమొచ్చింది. చీటీ అడిగి తీసుకొని చూస్తే, అందులో ఒట్టి అంకెలే ఉన్నయి.

శనివారం బల్బు పెట్టి చూస్తే ఒక్కసారి మినుకుమని ఆరింది. మీటరు ఇరవై ఏడు దాటలేదు. ఆదివారం బీబీపేటలో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా డబ్బా మోగింది. బామ్మర్ది తెప్పించిన సెట్టు ఆటో దిగలేదు. సోమవారం లక్ష్మి వీసా ఏజెంటుకు ఫోన్ చేసి, మా ఆయన రాడని చెప్పిందట.

చీటీలో అంకె రాస్తే పని సగమే అయినట్టు. ఆ అంకె ఎందుకో పక్కన రాయకపోతే, దుకాణంలో దానికంటే పెద్ద అంకె గెలుస్తది. తర్వాత ఉద్యోగంలో ఉన్న రెండేండ్లూ ప్రతి చీటీలో ‘ఎందుకు’ అని ఒక గడి గీసిన.